నాలుగో స్టేజి లంగ్ క్యాన్సర్‌కి వైద్యం దండగేనా?

బొబ్బిలి వాసి:
మా పక్కింటాయనకి యాభై రెండేళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజి అన్నారు. ఇల్లు తాకట్టు పెట్టి కీమో చేయించారు, ఏడాది తిరక్కుండానే పోయారు. కొత్త మందులొచ్చాయంటే నేను నమ్మను. ఆ డబ్బు పిల్లల చదువుకి ఉంచితే మేలు కాదా?

టెక్కలి టీచర్:
దండగ అనకండి సార్. 2021లో మా అమ్మకీ ఇదే రోగం, ఇదే స్టేజి. అమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు. ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ అన్నారు. కళ్లె పరీక్షలో క్రిమి కనబడలేదు, అయినా ఐదు నెలలు ఆ మాత్రలే మింగించారు. దగ్గు తగ్గకపోగా నడుం నొప్పి పట్టుకుంది. విశాఖ తీసుకెళ్తే కణితి నుంచి ముక్క తీసి, దానికే ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పుందేమో చూసే పరీక్ష కూడా రాశారు. పాజిటివ్. కీమో లేదు, రోజుకో గెఫిటినిబ్ మాత్ర. మూడో వారానికి దగ్గు ఆగింది. నెలన్నరకి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీసింది! పద్నాలుగు నెలలకి మందు పట్టు తప్పింది, తర్వాత కీమో. మొత్తం రెండున్నరేళ్లు. చెల్లి పెళ్లి చూసి వెళ్లింది.

క్యాన్సర్ వార్డు నర్సు, శ్రీకాకుళం:
బొబ్బిలి గారూ, మీ పక్కింటాయనకి ఆ పరీక్ష చేశారా? అది తెలియకుండా మందులు పనిచేయవంటే ఎలా? ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉన్న కణితికే ఈ మాత్రలు బాగా పనిచేస్తాయని 2004లో తేలింది. ఈ మార్పు ఆసియా వాళ్లలో, పొగ తాగనివాళ్లలో ఎక్కువ. అంతకుముందు అందరికీ ఒకటే కీమో, నాలుగో స్టేజిలో సగం మంది ఏడాది లోపే పోయేవారు. తర్వాత వచ్చిన ఇదే రకం మాత్ర ఒసిమెర్టినిబ్ ట్రయల్‌లో సగం మంది మూడేళ్లు దాటారు. ఈ మార్పు లేనివాళ్లకి ఇమ్యునోథెరపీ ఉంది, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం. కణితి కణాల మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ బాగా ఎక్కువున్న వాళ్లకి ఆ రకం మందు పెంబ్రోలిజుమాబ్ ఇస్తే ఐదేళ్లకి వందలో 32 మంది బతికున్నారు. కీమోతో మొదలుపెట్టిన వాళ్లలో 16 మందే.

బొబ్బిలి వాసి:
లెక్కలు సరే, ధర సంగతో? 2024 బడ్జెట్‌లో ఒసిమెర్టినిబ్‌కి కస్టమ్స్ సుంకం తీసేశారు, అయినా కూలి చేసుకునేవాడు నెలనెలా కొనగలడా?

టెక్కలి టీచర్:
కొనలేడు. మేమూ కొనలేదు. గెఫిటినిబ్‌కి మన కంపెనీల జనరిక్ ఉంది కాబట్టే నెట్టుకొచ్చాం, ఇల్లు తాకట్టు పెట్టలేదు. నా కోపమంతా ఆ ఐదు నెలల మీద. టీబీ మందులు వాడుతున్నా దగ్గు తగ్గకపోతే, కళ్లెలో రక్తం పడుతుంటే, బరువు పడిపోతుంటే ఊరుకోకూడదు. సీటీ స్కాన్ రాయమని మనమే డాక్టరుని గట్టిగా అడగాలి. అమ్మ విషయంలో నేను అడగలేదు.

బొబ్బిలి వాసి:
ధర విషయంలో నా మాట అదే, మాస్టారూ. కానీ ఆ పరీక్ష సంగతి మాకెవరూ చెప్పలేదు. ఆయన ఫైలు వాళ్ల బీరువాలోనే ఉంది. రేపు వెళ్లి చూస్తాను.