స్టీమ్ రిఫార్మర్ మోడల్‌కి ఒకే ఎఫెక్టివ్‌నెస్ ఫ్యాక్టర్ సరిపోతుందా?

పెల్లెట్:
మీథేన్ స్టీమ్ రిఫార్మింగ్ (మీథేన్, నీటి ఆవిరి కలిసి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ ఇచ్చే ప్రక్రియ) ట్యూబ్‌కి మోడల్ రాస్తే, పొడవునా లెక్క కట్టే ప్రతి నోడ్‌లో క్యాటలిస్ట్ పెల్లెట్ లోపలి డిఫ్యూజన్ సమీకరణాలు కూడా పరిష్కరించాలంటారు. నా లెక్కలో అది వృథా శ్రమ. రింగు ఆకారపు ఇండస్ట్రియల్ పెల్లెట్లలో ఎఫెక్టివ్‌నెస్ ఫ్యాక్టర్ (డిఫ్యూజన్ అడ్డు వల్ల అసలు రేటులో మిగిలే వంతు) సాధారణంగా 0.05 దాటదు. మూడు రియాక్షన్ల (రెండు రిఫార్మింగ్, ఒక వాటర్-గ్యాస్ షిఫ్ట్) రేట్లనూ 0.03తో గుణిస్తే చాలు. ట్యూబ్ చివర కన్వర్షన్‌ని ఎలాగూ ఈక్విలిబ్రియమే నిర్ణయిస్తుంది.

సూక్ష్మరంధ్రం:
చివరి కన్వర్షన్ వరకైతే ఒప్పుకుంటాను. కానీ ట్యూబ్ మొదటి భాగంలో గోడ ఎంత వేడెక్కుతుందన్నది అక్కడి రేటు మీదే ఉంది. రేటు తప్పితే గోడ టెంపరేచర్ తప్పుతుంది, ట్యూబ్ ఆయుష్షు లెక్కా తప్పుతుంది.

అసలు చిక్కు వాటర్-గ్యాస్ షిఫ్ట్‌తో, అంటే కార్బన్ మోనాక్సైడ్ నీటి ఆవిరితో కలిసి కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ ఇచ్చే రియాక్షన్‌తో. ఎఫెక్టివ్‌నెస్ ఫ్యాక్టర్ అంటే పెల్లెట్ సగటు రేటుని ఉపరితలం దగ్గరి రేటుతో భాగించడమే కదా. షిఫ్ట్ రేటు ఉపరితలం దగ్గర సున్నా దాటే చోట భాగహారం అనంతానికి పోతుంది, ఆ తర్వాత గుర్తే మారిపోతుంది. అదే చోట పెల్లెట్ లోపల మాత్రం రిఫార్మింగ్‌లో పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ మామూలుగానే షిఫ్ట్ అవుతూ ఉంటుంది. అలాంటిచోట 0.03 దేనికి గుర్తు? రియాక్షన్‌కో ఫ్యాక్టర్ బదులు, పెల్లెట్ ఉపరితలం గుండా పోయే ఒక్కో గ్యాస్ ఫ్లక్స్‌నే (ప్రవాహాన్నే) బెడ్ (ట్యూబ్‌లో నింపిన పెల్లెట్ల) సమీకరణంలో పెట్టాలి.

డిఫ్యూజివిటీ కూడా చూడండి. రంధ్రం వ్యాసార్ధం 10 నానోమీటర్లు, టెంపరేచర్ 1000 కెల్విన్ అనుకుంటే మీథేన్ క్నూడ్సెన్ డిఫ్యూజివిటీ (అణువులు రంధ్రం గోడల్ని ఢీకొంటూ సాగే డిఫ్యూజన్‌ది) సెకనుకు 7.7×10⁻⁶ చదరపు మీటర్లు. 25 బార్ దగ్గర మాలిక్యులర్ డిఫ్యూజివిటీ (అణువులు ఒకదాన్నొకటి ఢీకొంటూ సాగే డిఫ్యూజన్‌ది) కూడా ఇంచుమించు అంతే. రెండూ సరిసమానం కాబట్టి దేన్నీ వదలలేం, బోసాంకే సూత్రంతో (రెండింటి విలోమాల్ని కూడి) కలపాల్సిందే. ప్రెషర్ మారితే రెండోది మారుతుంది, మొదటిది మారదు.

వంకరదారి:
ఇద్దరూ టార్చుయాసిటీ (రంధ్రాల దారి ఎంత వంకరో చెప్పే సంఖ్య) ఊసెత్తలేదు. దాన్ని 3 అనాలా, 6 అనాలా? 3 నుంచి 6కి మారిస్తే ఎఫెక్టివ్ డిఫ్యూజివిటీ సగమవుతుంది. డిఫ్యూజన్ నిరోధం ఇంత బలంగా ఉన్నప్పుడు రేటు దాని వర్గమూలంతో నడుస్తుంది గనక సుమారు 30 శాతం పడిపోతుంది. ఊహించిన టార్చుయాసిటీ మీద ఎంత సూక్ష్మమైన మోడల్ కట్టినా లాభం లేదు. ముందు కొలవండి: అదే క్యాటలిస్ట్‌ని పొడి చేసి ఒకసారి, పూర్తి పెల్లెట్‌తో ఒకసారి, ఒకే టెంపరేచర్‌లో. పొడిని ఇంకా మెత్తగా చేసినా రేటు పెరగకపోతేనే అది అసలు కైనెటిక్స్ (డిఫ్యూజన్ అడ్డులేని రేటు). ఇది వేడి పీల్చే రియాక్షన్. జడపదార్థంతో పల్చన చేయకపోతే బెడ్ చల్లబడి, ఆ తగ్గుదలని డిఫ్యూజన్ ఖాతాలో రాసేస్తారు. నికెల్ అంచునే పూసిన పెల్లెట్‌కి ఈ పోలిక నేరుగా పనికిరాదు, పొడి చేస్తే నికెల్ అంతా కలిసిపోతుంది.

పెల్లెట్:
షిఫ్ట్ విషయంలో నా 0.03 నిలబడదు, వెనక్కి తీసుకుంటున్నాను. రిఫార్మింగ్‌కి మాత్రం తొలి అంచనాగా ఇప్పటికీ సమర్థిస్తాను, ఎందుకంటే పెల్లెట్ సమీకరణాల్ని గుడ్డిగా పరిష్కరిస్తే ఇంతకంటే పెద్ద తప్పులొస్తాయి. థీల్ మాడ్యులస్ (డిఫ్యూజన్‌తో పోలిస్తే రియాక్షన్ ఎంత వేగమో చెప్పే సంఖ్య) 30, పెల్లెట్ లక్షణ పొడవు 2 మిల్లీమీటర్లు అయితే మార్పులో ఎక్కువ భాగం పైన సుమారు 70 మైక్రాన్లలోనే. 20 సమాన గళ్ల గ్రిడ్‌లో ఒక్కో గడి 100 మైక్రాన్లు! మార్పులో ఎక్కువ భాగం మొదటి గడిలోనే మాయమైపోతుంది.

సూక్ష్మరంధ్రం:
అందుకే సమాన గ్రిడ్ వద్దు. గళ్లని ఉపరితలం వైపు కుదించండి. లేదా పైపొర పదో వంతు మాత్రమే పరిష్కరించి, లోపలి అంచున ఫ్లక్స్ సున్నా అనండి. అక్కడ మీథేన్ సున్నా అని మాత్రం పెట్టకండి, పెల్లెట్ నడిబొడ్డున ఈక్విలిబ్రియం ఉంటుంది. చివరగా ఉపరితల ఫ్లక్స్‌నీ, ఘనపరిమాణం మీద రేటు ఇంటిగ్రల్‌నీ పోల్చండి. రెండూ 1 శాతంలోపు కలవకపోతే గ్రిడ్ ఇంకా చాలలేదన్నమాట.