అప్‌డేట్: నెలసరి రోజుల్లో పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం

దివ్యకారుణ్య ఆదివారం (ఈస్టర్ తర్వాతి ఆదివారం) నాడు నెలసరి వస్తే పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) స్వీకరించవచ్చా, మా అత్తమ్మ వద్దంటున్నారని అడిగిన ప్రశ్నకు జవాబిచ్చిన అక్కలందరికీ కృతజ్ఞతలు. నల్లగొండలో మా విచారణ గురువుగారిని (మా చర్చి ఫాదర్‌ని) అడిగాను. శ్రీసభలో (కతోలిక సంఘంలో) అటువంటి నిషేధమేదీ లేదనీ, మనిషిని మైలపరచేది హృదయంలోంచి వెలువడే దురాలోచనలేనని మార్కు సువార్త 7వ అధ్యాయం చెబుతోందనీ, 12 ఏళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ తన వస్త్రాన్ని తాకినప్పుడు ప్రభువు ఆమెను కసురుకోక కుమారీ అని పిలిచారనీ వివరించారు. ఆ రోజుల్లో జపమాల కూడా ముట్టనివ్వని ఇళ్లు మా వైపు ఇంకా ఉన్నాయి. అది ఇరుగుపొరుగు నుంచి వచ్చిన అలవాటే తప్ప విశ్వాసం కాదని నా అభిప్రాయం.

గురువుగారు శ్రద్ధ పెట్టమన్నది ఆత్మశోధన మీద. చావైన పాపాలను (తెలిసి, ఇష్టపూర్వకంగా చేసిన ఘోరమైన పాపాలను) దాచకుండా, ఎన్నిసార్లు చేశామో కూడా చెప్పాలట. నిజంగా మరచిపోయినది మిగిలినవాటితోపాటే క్షమింపబడుతుంది, గుర్తొస్తే తర్వాతి పాపసంకీర్తనంలో చెప్పుకోవాలి. ఆడబిడ్డతో మాటలు మానేసిన సంగతి చెప్పినప్పుడు, ప్రాయశ్చిత్తంగా దివ్యకారుణ్య జపమాల ఒకటి చెప్పి, ఆమెకు ఫోన్ చేయమన్నారు. జపమాల సులువే, ఫోనే కష్టమైంది. ఆదివారం పూజలో దివ్యసత్ప్రసాదం స్వీకరించాను. అత్తమ్మ ఇంకా ఒప్పుకోలేదు కనుక గురువుగారినే ఒకసారి ఇంటికి రమ్మన్నాం.