‘టేబుల్ ఇమేజ్’ను తెలుగులో ఏమందాం?

అనంతపురం నుంచి ఒక సందేహం. మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. పండక్కి వచ్చి ఇంటిల్లిపాదికీ పోకర్ నేర్పించాడు. పందెం శెనక్కాయలే లెండి, ఎవరూ కంగారు పడక్కర్లేదు. ఆటలో వాడు పదిసార్లు వాడిన మాట ‘టేబుల్ ఇమేజ్’. గంటసేపు కలిసి ఆడేసరికి ఒక్కొక్కరి మీద మిగతావాళ్లకు ఒక అంచనా కుదురుతుంది కదా. ఈయన మంచి ముక్కలుంటే తప్ప కాయడు, ఆయన ఏది వచ్చినా దూకుతాడు అని. ఆ అంచనానే ఇమేజ్ అంటారట. కాస్త ఆరితేరినవాడు దాన్ని తనే కావాలని తయారు చేస్తాడు, అదను చూసి దానికి ఎదురు ఆడతాడు.

పేకాటలో మనకు మాటలు లేక కాదు. కళావరు, ఆఠీను డచ్చి నుంచి వచ్చాయంటారు. ఎప్పుడో తీరంలో దిగిన ఆ మాటలు మా సీమ రచ్చబండల దాకా నడిచొచ్చి, ఇక్కడి మాటలే అయిపోయాయి. మరి దీనికేమందాం? వేషం? వాలకం?

ప్రొద్దుటూరు నుంచి:
బుకాయింపు అంటే సరిపోదా అన్నా?

అనంతపురం:
సరిపోదు తమ్ముడూ. బుకాయించడమంటే చేసిన పని చేయలేదని నోటితో దబాయించడం. పోకర్‌లో నోరు మెదపక్కర్లేదు. పైగా బుకాయింపు ఒక్క ఆటలో తేలిపోయేది, ఇమేజ్ సాయంత్రమంతా కూడబెట్టేది.

ఆదోని నుంచి:
మా పిల్లలైతే ‘బిల్డప్’ అంటారు. అంతకంటే తెలుగు మాట ఇంకేం కావాలి?

కడప నుంచి:
నవ్వులాటగా అన్నా ఆదోని సార్ మంచి చోటే పట్టుకున్నారు. ఎవడినైనా ‘బిల్డప్ ఇస్తున్నాడు’ అన్నామంటే వాడు అప్పటికే మనకు దొరికిపోయినట్టు. బడాయి, డాబు, బుకాయింపు, అన్నీ అంతే. బయటపడ్డవాడి మీద వేసే మాటలు. ఇంకా బయటపడనివాడి తీరుకు మన దగ్గర పేరు లేదు, చిక్కంతా అక్కడే.

నాకు వేమన పద్యం గుర్తొచ్చింది. మేడిపండు పద్యం అందరికీ వచ్చు, కానీ మొదటి రెండు పాదాలే వాడుకుని మూడోది వదిలేస్తాం. ‘పిరికివాని మదిని బింకమీలాగురా’. పైకి మేలిమి, లోపల పురుగులు అన్న పోలిక దేనికి చెప్పాడంటే పిరికివాడి బింకానికి! పోకర్‌లో ఉత్త ముక్కలతోనే మంచి ముక్కలున్నట్టు కాయడాన్ని బ్లఫ్ అంటారు కదా, దానికి ఇంతకంటే దగ్గరి మాట నాకు తోచదు. బింకంలో బిగువుంది, మెడ నిక్కబెట్టి కూర్చోవడముంది, నోరు మెదపక్కర్లేదు. కదిరి దగ్గర కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది, అంటే మన సీమ మాటే అనుకోవచ్చు.

అయితే పద్యానికీ పేకాటకూ ఒకచోట తేడా వస్తుంది. వేమన ‘పొట్ట విప్పి చూడ’ అన్నాడు. మేడిపండు విప్పడానికి ఖర్చేముంది? పోకర్‌లో ఎదుటివాడి ముక్కలు చూడాలంటే వాడు కాసినంత మనమూ కాయాలి. ధైర్యం చాలక ముక్కలు పడేశామా, వాడు చూపించనక్కర్లేదు. పండు విప్పకుండానే ఆట అయిపోతుంది. ఆ జంకు మీదే బింకం బతుకుతుంది.

కర్నూలు నుంచి:
దీనికో ఉదాహరణ. 2003 ప్రపంచ పోకర్ పోటీ చివర్లో క్రిస్ మనీమేకర్, శామ్ ఫరా ఇద్దరే మిగిలారు. మనీమేకర్ పేరుకు తగ్గట్టే అకౌంటెంట్, ఇంటర్నెట్‌లో ఆడి అర్హత తెచ్చుకున్న కొత్తవాడు. ఫరా పండిపోయినవాడు. ఒక ఆటలో మనీమేకర్‌కు రాజు, ఏడు పడ్డాయి, జత కూడా కుదరలేదు. అయినా ఉన్నదంతా ముందుకు తోశాడు. ఫరాకు తొమ్మిదుల జత ఉంది, అనుమానం పైకే అన్నాడు కూడా, చివరికి ముక్కలు వదిలేశాడు. మనీమేకర్ పోటీ గెలిచి 25 లక్షల డాలర్లతో ఇంటికెళ్లాడు. కొత్తవాడు ఉత్త చేతులతో ఇంత తెగిస్తాడా అన్న ఆలోచన కూడా పనిచేసి ఉంటుందని నా ఊహ.

ఇంకో సంగతి. ఇమేజ్ రెండు రకాలుగా పనికొస్తుంది, రెండింటికీ మనకు నానుడులున్నాయి. గంటసేపు ముక్కలు పడేస్తూ బుద్ధిమంతుడిలా కూర్చుని, ఒకేసారి ఉత్తదానికి పెద్ద పందెం వేయడం కొంగ జపం. రెండోది ‘నాన్నా పులి’. రెండుసార్లు పిచ్చి పందేలు వేసి, దొరికిపోయి, నవ్వించుకుని, మూడోసారి నిజంగా మంచి ముక్కలు పడ్డప్పుడు అదే తీరున కాయడం. ఎవరూ నమ్మరు, అందరూ కాస్తారు. కథలో పిల్లవాడికి చేటు తెచ్చిందే ఇక్కడ లాభం.

ప్రొద్దుటూరు:
అంటే ఒక్క మాటలో తేలదన్నమాట.

అనంతపురం:
నాకైతే తేలింది. బ్లఫ్‌కు బింకం, ఇమేజ్‌కు ఉత్తి ‘పేరు’. వేషం మనం వేసుకునేది, పేరు పదిమంది పెట్టేది. ‘వాడికి పిసినారి అని పేరు పడింది’ అంటాం, పడిందనే అంటాం. ఇమేజ్ కూడా అంతే, ఎదుటివాళ్ల బుర్రలో ఉంటుంది. మనం చేయగలిగింది ఆ పేరు పడేట్టు నడుచుకోవడం వరకే.

ఆరోజు మా ఇంట్లో జరిగింది చెప్తాను. అమ్మ సాయంత్రమంతా ‘నాకొద్దమ్మా’ అంటూ ముక్కలు పడేస్తూనే ఉంది. భయస్తురాలని పేరు పడిపోయింది. అన్నాలకు లేచే ముందు చివరి ఆటలో తన కుప్పంతా ముందుకు జరిపింది. నా దగ్గర రాజుల జత ఉన్నా, అమ్మ అంత పెట్టిందంటే ఆసులే అనుకుని వదిలేశాను. అక్క కొడుకూ వదిలేశాడు. అమ్మ తన ముక్కలు కట్టలో కలిపేసి శెనక్కాయలు కొంగులో పోసుకుంది. ఏం ముక్కలమ్మా అని అడిగితే, ‘చూడ్డానికి కాయలు పెట్టినావేంరా?’ అని వంటింట్లోకి పోయింది.