3.2 టన్నుల బండికి వించ్: పెద్దది కొనాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

ప్రశ్న
సామానుతో కలిపి బండి 3.2 టన్నులు. బండికున్నది 9,500 పౌండ్ల వించ్ (ఇరుక్కున్న బండిని రోప్‌తో లాగే మోటార్ డ్రమ్), 12 వోల్టులు, స్టీల్ రోప్. యాక్సిల్ దాకా బురదలో దిగితే మోటార్ మూలుగుతూ ఆగిపోతోంది, కేబుళ్లు చెయ్యి పెట్టలేనంత కాలుతున్నాయి. 12,000 పౌండ్లది తీసుకోమంటారా? స్టీల్ బదులు సింథటిక్ (ప్లాస్టిక్ నారల) రోప్ వేద్దామనీ ఉంది.

జవాబు 1
వించ్ బండి మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లు లాగగలగాలి. అంటే మీకు 4.8 టన్నులు, 9,500 పౌండ్లంటే 4.3 టన్నులే. 12,000 సరైన సైజే, కానీ ముందు వైరింగ్ చూడండి. కేబుల్ కాలుతోందంటే వోల్టేజీ అక్కడే పోతోంది. అదే వైరింగ్‌కి పెద్ద వించ్ తగిలిస్తే అదీ మూలుగుతుంది.

మల్టీమీటర్ క్లిప్పులు ముందే తగిలించి, లోడ్ మీద బ్యాటరీ దగ్గరా మోటార్ టెర్మినళ్ల దగ్గరా కొలవండి. తేడా ఒక వోల్టు దాటితే తప్పు కేబుళ్లదో, లగ్గులదో (కేబుల్ చివర బిగించే లోహపు కొసలు), సొలినాయిడ్‌దో (మోటార్‌కి కరెంటు కలిపే విద్యుత్ స్విచ్). బ్యాటరీ దగ్గరే 10 వోల్టుల కంటే దిగితే తప్పు బ్యాటరీది. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ రానూపోనూ 4 మీటర్లుంటే, 400 ఆంపియర్ల దగ్గర 0.8 వోల్టులు తినేస్తుంది. 70 చదరపు మిల్లీమీటర్లది వేస్తే సగానికి తగ్గుతుంది. ఎర్త్ (మైనస్) వైరు చాసిస్‌కి కాదు, నేరుగా బ్యాటరీ మైనస్‌కే వెయ్యండి. లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తోనే (గట్టిగా నొక్కి బిగించే పనిముట్టు) నొక్కించండి.

జవాబు 2
పైన చెప్పినదానికి తోడు: పెట్టె మీద రాసిన 9,500 పౌండ్లు డ్రమ్ మీద రోప్ మొదటి పొరకే. నాలుగో పొర మీద లాగితే ఆ బలం మూడోవంతు దాకా తగ్గుతుంది. అందుకే దగ్గర్లో చెట్టున్నా దానికి కప్పీ కట్టి, రోప్‌ని దాని గుండా తిప్పి మళ్లీ బండికే తగిలించండి. లాగుడు దాదాపు రెట్టింపు, వేగం సగం, అదే బరువుకి మోటార్ మీద లోడ్ సగం.

సింథటిక్ వేసేముందు బ్రేక్ ఎక్కడుందో చూడండి. డ్రమ్ లోపలుంటే, లోడ్‌తో రోప్ వదిలేటప్పుడు పుట్టే వేడికి అడుగు చుట్లు దెబ్బతింటాయి. స్టీల్ రోప్ గీసిన పాత రోలర్లు తీసేసి నున్నటి అల్యూమినియం హాస్ (రోప్ వెళ్లే గుండ్రటి అంచుల ద్వారం) బిగించండి. డ్రమ్ మీద కనీసం 8 చుట్లు మిగలాలి.

ప్రశ్న అడిగినవారు
కప్పీ కడితే చెట్టు మీద ఎంత బరువు పడుతుందండీ?

జవాబు 2
రోప్ మీదున్నదానికి దాదాపు రెట్టింపండీ. షాకిల్ (కప్పీని పట్టీకి కలిపే U ఆకారపు లోహపు కొక్కెం), చెట్టు పట్టీ ఆ లెక్కకే కొనండి.

జవాబు 3
ఒకటి మర్చిపోవద్దు: వోల్టేజీ పడిపోతే సొలినాయిడ్ కాంటాక్టులు అతుక్కుపోతాయి, రిమోట్ వదిలేసినా డ్రమ్ తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ ప్లస్ మీద చేతికందేలా ఐసొలేటర్ స్విచ్ (కరెంటు పూర్తిగా కట్ చేసేది) తప్పనిసరి. సొలినాయిడ్ల బదులు సీల్డ్ కాంటాక్టర్ (నీళ్లు చొరని మూసిన స్విచ్) వేస్తే నీళ్ల బాధా తగ్గుతుంది. ఫుల్ లోడ్ మీద నిమిషానికి మించి లాగకండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, మోటార్ చల్లారాకే మళ్లీ మొదలుపెట్టండి.