ఫీడ్, న్యూస్‌గ్రూప్ రెండూ ఒకటేనా? కొంచెం విడమరిచి చెప్పండి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారమండీ. నేను తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యాను, రోజూ మధ్యాహ్నం బ్లాగులు చదువుకుంటా. నాకు నచ్చినవాళ్లు ఓ పదిహేనుమంది ఉన్నారు, అందులో సగంమంది రెండు మూడు నెలలకోసారి గానీ రాయరు, ఒక్కొక్కళ్ల పేజీ తెరిచి కొత్తది వచ్చిందా లేదా అని చూడటం అయ్యే పని కాదు, సరే అని మానేస్తే మొన్న ఒకావిడ వాళ్లమ్మగారు పోయాక రాసిన పోస్టు నాలుగు నెలల తర్వాత చూశాను, కింద ఒక్కరూ పలకరించలేదు, ప్రాణం ఉసూరుమంది. ఇదివరకు కూడలి, మాలిక అనే సైట్లు తెరిస్తే అందరివీ ఒకేచోట కనపడేవి.

మొన్న ఒక బ్లాగులో పక్కన నారింజరంగు బొమ్మ ఉంది, ఒక చుక్కా దానిమీద రెండు వంపుగీతలూ, నొక్కితే స్క్రీనంతా బాణం గుర్తులూ ఇంగ్లీషు ముక్కలూ వచ్చాయి. ఏదో పాడుచేశానని భయమేసి మూసేశా. మా మరిదినడిగితే "అది ఫీడ్ వదినా, మేం అమెరికా వచ్చిన కొత్తల్లో న్యూస్‌గ్రూపుల్లో చదివేవాళ్లం, అదీ అలాంటిదే" అన్నాడు. నిజంగా రెండూ ఒకటేనా? అసలు నాలాంటివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

కీబోర్డ్‌కిట్టు:
టీచర్‌గారూ, మీరేమీ పాడుచెయ్యలేదు, మీరు చూసిందే ఫీడ్. కాకపోతే అది రీడర్ ప్రోగ్రామ్ చదువుకోడానికి పెట్టిన ఫైలు. ఫైర్‌ఫాక్స్‌లో ఒకప్పుడు దాన్ని చక్కగా సర్ది చూపించేది, 2018 డిసెంబర్‌లో 64వ వెర్షన్ నుంచి తీసేశారు, అప్పట్నుంచి కొత్తవాళ్లందరూ మీలాగే బెదిరిపోతున్నారు.

ఈసారి మళ్లీ తెరిచి భయపడకుండా మెల్లిగా కిందికి రండి. ఐటెమ్ అనే మాట కనిపిస్తుంది, దాని కింద టైటిల్ అని ఉండి, పక్కనే ఆవిడ పెట్టిన తెలుగు పేరు అచ్చంగా అలాగే ఉంటుంది, తర్వాత లింక్, తర్వాత పబ్‌డేట్ అంటే వేసిన తేదీ. ఒక్కో పోస్టుకి ఒక్కో ఐటెమ్, అంతే. బ్లాగర్‌వాళ్ల (అంటే బ్లాగ్‌స్పాట్ బ్లాగుల) ఫీడ్ ఆటమ్ అనే ఇంకో పద్ధతిలో ఉంటుంది కాబట్టి అక్కడ ఐటెమ్ బదులు ఎంట్రీ అని ఉంటుంది, సంగతి మాత్రం ఒకటే. ప్రతిదానికీ ఒక గుర్తింపు కూడా ఉంటుంది, మీ రీడర్ కాసేపటికోసారి వెళ్లి ఆ ఫైలు తెచ్చుకుని, ఈ గుర్తింపు నేను ఇదివరకు చూడలేదే అనుకుంటే దాన్ని కొత్త పోస్టుగా మీ ముందు పెడుతుంది. కూడలి లోపల జరిగిన పని కూడా ఇదేనండీ, అందరి ఫీడ్లూ తెచ్చి ఒక పేజీలో పేర్చడం. ఇప్పుడు మీ కూడలి మీరే పెట్టుకుంటారు.

రీడర్ అంటే ఫీడ్లీ, ఇనోరీడర్‌లాంటి సైటు, వాటిలో ఏదో ఒకటి తెరవండి, డబ్బు కట్టక్కర్లేదు. బ్లాగు అడ్రస్ అందులో పేస్ట్ చేస్తే చాలావరకు ఫీడ్ అదే వెతుక్కుంటుంది. దొరక్కపోతే వర్డ్‌ప్రెస్ బ్లాగైతే అడ్రస్ చివర స్లాష్ కొట్టి ఇంగ్లీషులో ఫీడ్ అని టైప్ చెయ్యండి, బ్లాగ్‌స్పాట్ అయితే స్లాష్ ఫీడ్స్ స్లాష్ పోస్ట్స్ స్లాష్ డిఫాల్ట్. రాసేవాళ్లకి మీ మెయిల్ ఐడీ ఇవ్వక్కర్లేదు, వచ్చినవన్నీ తేదీ వరసలో ఉంటాయి, ఇది చూపిద్దాం అది దాచేద్దాం అని మధ్యలో ఎవరూ తేల్చరు. నాకు ఫీడ్ అంటే అంత ఇష్టం అందుకే. మూడు నెలలకోసారి రాసే మనిషి కూడా ఇందులో మరుగునపడిపోరు.

పాతమోడెమ్:
వదినగారితో మరిదిగారు అన్నది సగమే నిజం. రెండూ ఒకటి కాదండీ. ఫీడ్‌లో ఒకరు రాస్తారు మిగతావాళ్లు తెచ్చుకుని చదువుతారు. న్యూస్‌గ్రూప్‌లో ఎవరైనా రాయొచ్చు ఎవరైనా బదులివ్వొచ్చు, పేరులో న్యూస్ ఉందిగానీ అది వార్తలు చదివే చోటు కాదు, మాట్లాడుకునే చోటు.

ఈ న్యూస్‌గ్రూపులన్నిటినీ కలిపి యూజ్‌నెట్ అంటారు. 1979లో డ్యూక్ యూనివర్సిటీలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు స్టూడెంట్ల ఆలోచన, మరుసటి ఏడాదికి నడిచింది, అంటే వెబ్ పుట్టడానికి పదేళ్ల ముందు. దానికి ఒక పెద్ద కంప్యూటర్, ఒక యజమాని అంటూ లేరు. నేను రాసింది మా యూనివర్సిటీ సర్వర్‌కి చేరేది, అది పక్క సర్వర్‌కి ఇచ్చేది, అది ఇంకోదానికి, అలా చేతులు మారుతూ అన్ని ఊళ్లకీ పాకేది. లైనస్ టోర్వాల్డ్స్ తను రాస్తున్న లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి మొదట చెప్పింది కూడా 1991 ఆగస్టులో ఒక న్యూస్‌గ్రూప్‌లోనే.

మనవాళ్లదీ ఒకటి ఉండేది, సోక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు. నేను చదువుకోడానికి అమెరికా వచ్చినప్పుడు చుట్టుపక్కల తెలుగు మాట వినపడేది కాదు, రాత్రి ల్యాబ్‌లో కూర్చుని ఆ గ్రూప్ తెరిస్తే పద్యాలూ వంటలూ సినిమా గొడవలూ వ్యాకరణం మీద వాదాలూ. అప్పటికి కంప్యూటర్‌లో తెలుగు అక్షరం రాదు, అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే. రైస్ యూనివర్సిటీలో మనవాళ్లు ఆర్‌టీఎస్ అని ఒక పద్ధతి పెట్టారు, చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట, చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. నాలుగు రోజులు తడబడ్డాక కళ్లు వాటంతటవే తెలుగు చదివేసేవి, ఒకాయన అలా టైప్ చేసిన పోతన పద్యం ప్రింటు తీసుకుని గోడకి అంటించుకున్నా.

ఇప్పుడు ఆ గ్రూపులు దాదాపు ఖాళీ. గూగుల్ గ్రూప్స్‌లో 2024 ఫిబ్రవరి 22 నుంచి యూజ్‌నెట్‌కి కొత్తవి రాయడం, కొత్తవి రావడం ఆపేశారు, పాతవి మాత్రం వెతికి చదవొచ్చు. మీరు తెలుగు టీచర్ కాబట్టి ఒకసారి తప్పకుండా చూడండి. కొత్తగా రాయాలంటే థండర్‌బర్డ్‌లాంటి ప్రోగ్రామూ ఒక న్యూస్ సర్వర్ అకౌంటూ కావాలి, మీ అవసరానికి మాత్రం ఫీడే సరైంది.

గోదారిగట్టు:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. రాత్రి కూర్చుని పదకొండు బ్లాగులు ఇనోరీడర్‌లో పెట్టేశా. ఆవిడకి ఆలస్యంగానే అయినా నాలుగు మాటలు రాశాను, పొద్దున్నే జవాబిచ్చారు. రెండు సందేహాలు. ఒక బ్లాగు నాలుగు లైన్లు చూపించి ఆగిపోతోంది, ఇంకోదాంట్లో పాత పోస్టులు పది మాత్రమే వచ్చాయి.

కీబోర్డ్‌కిట్టు:
మొదటిది రాసినవాళ్ల సెట్టింగండీ, కొంతమంది మొదటి ముక్కే ఫీడ్‌లోకి వదులుతారు, టైటిల్ మీద నొక్కితే వాళ్ల పేజీలో మొత్తం వస్తుంది. రెండోది వర్డ్‌ప్రెస్ అయ్యుంటుంది, మార్చకపోతే అది చివరి పదే ఇస్తుంది, ఇక నుంచి వచ్చేవి వరసగా చేరుతుంటాయి. ఇంకొక్క మాట, 2013 జూలై 1న గూగుల్‌వాళ్లు ఇలాంటిదే అయిన తమ గూగుల్ రీడర్ మూసేసినప్పుడు లిస్టు దాచుకోనివాళ్లు మళ్లీ మొదట్నుంచి వెతుక్కున్నారు. సెట్టింగ్స్‌లో ఓపీఎంఎల్ ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, నొక్కితే మీ పదకొండు బ్లాగులూ ఒక చిన్న ఫైల్లో వస్తాయి, దాన్ని మీకు మీరే మెయిల్ చేసి ఉంచుకోండి.