పూల్ క్లీన్ చేసే అతనే మోటార్ కూడా మార్చొచ్చా? లైసెన్స్, పర్మిట్ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి (టెక్సస్)

కొత్త_పూల్_ఓనర్ (ఫ్రిస్కో)

అందరికీ నమస్తే. ఈ మధ్యే ఫ్రిస్కోలో పూల్ ఉన్న ఇల్లు కొన్నాం. పాత ఓనర్ల దగ్గర పనిచేసిన పూల్ అతన్నే మేమూ పెట్టుకున్నాం. వారానికోసారి వచ్చి ఆకులు తీసి, గోడలకి బ్రష్ కొట్టి, బుట్టలు ఖాళీ చేసి, తేలే డబ్బాలో క్లోరిన్ బిళ్ళలు వేసి వెళ్తాడు. చెప్పిన టైముకి వస్తాడు, మాట మర్యాదగా ఉంటుంది.

ఇప్పుడు పంప్ మోటార్ గరగరమని శబ్దం చేస్తోంది. బేరింగ్ పోయింది, శనివారం వచ్చి నేనే కొత్త మోటార్ వేసేస్తా, క్యాష్ ఇస్తే తగ్గిస్తా అన్నాడు. లైసెన్స్ ఉందా అని అడిగితే టెక్సస్‌లో పూల్ వాళ్ళకి లైసెన్సే లేదు అంటున్నాడు. నిజమేనా? పర్మిట్ కూడా అక్కర్లేదట. పైగా బిళ్ళలు ఎన్ని వేసినా మెట్ల దగ్గర నాచు పడుతూనే ఉంది, ఎండలు ఇంకా ముదరనే లేదు. నాలుగేళ్ళ పాప రోజూ దిగుతానంటుంది, అందుకే టెన్షన్. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ప్లేనో_పాతకాపు

అతను చెప్పింది సగం నిజం బ్రో. ఆ మిగతా సగమే మీకు ముఖ్యం.

పూల్ శుభ్రం చేసేవాళ్ళకి టెక్సస్‌లో స్టేట్ లైసెన్స్ లేదు, పూల్ కట్టే బిల్డర్లకి కూడా లేదు. ట్రక్కు, బ్రష్షు ఉంటే రేపటి నుంచి ఎవరైనా పూల్ సర్వీస్ మొదలుపెట్టొచ్చు. కానీ కరెంట్ తీగ ముట్టుకున్నాడంటే లెక్క మారిపోతుంది. పూల్ మోటార్, లైటు, హీటరు లాంటి వాటి వైరింగ్ పనికి టీడీఎల్‌ఆర్ (టెక్సస్ స్టేట్ లైసెన్సింగ్ శాఖ) ఇచ్చే లైసెన్స్ కావాలి. ఎలక్ట్రీషియన్ అయినా ఉండాలి, లేదంటే రెసిడెన్షియల్ అప్లయన్స్ ఇన్‌స్టాలర్ లైసెన్స్ అయినా ఉండాలి. ఈ రెండో దానికి పరీక్ష ఉంటుంది, పూల్ రిపేర్లు చేసేవాళ్ళు చాలామంది తీసుకునేది అదే. గ్యాస్ హీటర్ ఉంటే దాని గ్యాస్ పైపు పని లైసెన్స్ ఉన్న ప్లంబర్‌ది.

టీడీఎల్‌ఆర్ సైట్‌లో పేరు కొడితే లైసెన్స్ ఉందో లేదో, ఎప్పటిదాకా చెల్లుతుందో వెంటనే తెలుస్తుంది. కాంట్రాక్టర్ అయితే ట్రక్కు మీదా, ఇన్వాయిస్ మీదా ఆ నంబర్ రాసుండాలి. క్యాష్ ఇవ్వండి, బిల్లు ఉండదు అన్నాడంటే ఆ నంబర్ ఎక్కడా రాయడం ఇష్టం లేదనే నేననుకుంటా.

పర్మిట్ విషయానికొస్తే, ఉన్న మోటార్ తీసి అలాంటిదే పెట్టడానికి కొన్ని సిటీలు అడగవు, కొన్ని అడుగుతాయి. ఇది ఇంటర్నెట్‌లో అడిగేది కాదు, సిటీ బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్ వాళ్ళకి ఫోన్ చేయండి, రెండు నిమిషాల్లో చెప్తారు. కొత్త హీటర్ పెట్టినా, కొత్త వైరు లాగినా, కంచె మార్చినా పర్మిట్ కావాలనే అనుకుని మొదలుపెట్టండి.

తీగలు_చూసేవాడు

హోమ్ ఇన్‌స్పెక్షన్ పనిలో ఉన్నాను కాబట్టి ఒకటి గట్టిగా చెప్తా. మోటార్ మార్చడం అంటే పాతది విప్పి కొత్తది బిగించడం ఒక్కటే కాదండి.

ఇప్పుడున్న మోటార్ దగ్గరికెళ్ళి చూడండి, ముట్టుకోవద్దు, చూడండి చాలు. దాని ఒంటికి బయటవైపు లావుపాటి రాగి తీగ ఒకటి, ఎక్కువగా తొడుగు లేకుండా, ఒక స్క్రూ కింద బిగించి ఉండాలి. అది బాండింగ్ తీగ, 8 గేజ్, ఒకే కడ్డీలా ఉండే రాగి. పూల్ చుట్టూ ఉన్న ఇనుము, నిచ్చెన, మోటార్ అన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపేది అదే. ఎక్కడైనా కరెంట్ లీకైతే నీళ్ళకీ ఆ లోహాలకీ మధ్య తేడా రాకుండా ఆపుతుంది. చాలా ఇళ్ళల్లో మోటార్ మార్చినప్పుడు ఆ తీగ తీసి పక్కన పడేసి వెళ్తారు, ఎందుకంటే అది లేకపోయినా మోటార్ ఆడుతుంది, పూల్ బాగానే కనిపిస్తుంది. తడి చేత్తో మెట్ల రెయిలింగ్ పట్టుకున్న పిల్లకి జివ్వుమంటే అప్పుడు బయటపడుతుంది.

రెండోది జీఎఫ్‌సీఐ, అంటే కరెంట్ లీకైతే వెంటనే సరఫరా ఆపేసే రక్షణ. 2020 ఎలక్ట్రికల్ కోడ్ నుంచి, పాత మోటార్ తీసి కొత్తది పెట్టినా సరే దానికి జీఎఫ్‌సీఐ రక్షణ ఉండి తీరాలి. టెక్సస్ 2023 కోడ్‌కి కూడా మారింది. మీ ఇల్లు పాతదైతే బ్రేకర్ మామూలుదే ఉంటుంది, కొత్త మోటార్‌తో పాటు బ్రేకర్ కూడా మార్చాలి. మీ అతను బ్రేకర్ ఊసు ఎత్తాడా? ఎత్తకపోతే అక్కడే అర్థం చేసుకోండి.

సొంత ఇంట్లో ఓనరే పని చేసుకుంటే స్టేట్ లైసెన్స్ అడగదు. కానీ అది మీరు చేసుకుంటేనే. డబ్బులిచ్చి ఇంకొకరితో చేయిస్తే ఆ మినహాయింపు ఉండదు.

మోటార్ మాత్రమే కాకుండా పంప్ మొత్తం మార్చే ఆలోచన ఉంటే, 2021 జులై నుంచి ఫెడరల్ ఎనర్జీ రూల్ వచ్చింది. దాని వల్ల నేలలో కట్టిన పూల్స్‌కి ఇప్పుడు దాదాపు అన్నీ వేరియబుల్ స్పీడ్ (వేగం మార్చుకోగల) పంపులే దొరుకుతాయి. కొనేటప్పుడు ఖరీదే గానీ కరెంట్ బిల్లు బాగా తగ్గుతుంది.

శాన్‌రామన్_నుంచి

మా కాలిఫోర్నియాలో ఇలా వదిలేయరు. పూల్ కట్టడానికి సీ-53 లైసెన్స్, సర్వీస్, రిపేర్లకి డీ-35 అని వేరే ఉంది. చిన్న పనులకి మినహాయింపు ఇంతకుముందు 500 డాలర్ల దాకా ఉండేది, 2025 జనవరి నుంచి వెయ్యి చేశారు. అదీ పర్మిట్ అక్కర్లేని పని అయి, చేసేవాడి దగ్గర జీతగాళ్ళు లేకపోతేనే. టెక్సస్‌లో అంత స్వేచ్ఛ ఇచ్చారంటే అడిగి తెలుసుకునే పని ఓనర్ మీద పడ్డట్టే.

ప్లేనో_పాతకాపు

నిజమే. అందుకే మా దగ్గర లైసెన్స్ బదులు రెండు కాగితాలు అడుగుతాం. ఒకటి సీపీఓ (సర్టిఫైడ్ పూల్ ఆపరేటర్) సర్టిఫికెట్, నీళ్ళ కెమిస్ట్రీ చదువుకున్నాడని దాని అర్థం, ఐదేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి. అది ప్రభుత్వ లైసెన్స్ కాదు, కానీ అది ఉన్నవాడు నీళ్ళు పరీక్ష చేయకుండా బిళ్ళలు వేసి వెళ్ళడు. రెండోది ఇన్సూరెన్స్ సర్టిఫికెట్. టెక్సస్‌లో ప్రైవేట్ యజమానులకి వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలితే పనివాళ్ళకి వచ్చే ఇన్సూరెన్స్) తప్పనిసరి కాదు, అది చాలామందికి తెలియదు. మీ పెరట్లో అతని హెల్పర్ జారిపడి చెయ్యి విరిగితే వాళ్ళ చూపు మీ హోమ్ ఇన్సూరెన్స్ వైపు తిరగొచ్చు. సర్టిఫికెట్‌ని అతను ఫోటో తీసి పంపితే సరిపోదు, ఇన్సూరెన్స్ ఏజెంట్ నుంచి నేరుగా మీ ఈమెయిల్‌కి రావాలి.

నీళ్ళు_ముఖ్యం

నాచు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తానండి.

ఆ బిళ్ళలు ట్రైక్లోర్. వాటిలో క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ యాసిడ్ అనే స్టెబిలైజర్ కూడా ఉంటుంది. ఎండకి క్లోరిన్ నశించిపోకుండా కాపాడేది అదే, కొంచెం కావాలి, 30 నుంచి 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) దాకా ఉంటే మంచిది. కానీ క్లోరిన్ ఖర్చవుతుంది, స్టెబిలైజర్ మాత్రం నీళ్ళలోనే ఉండిపోతుంది. బిళ్ళల ద్వారా 10 పీపీఎం క్లోరిన్ వేస్తే స్టెబిలైజర్ దాదాపు 6 పెరుగుతుంది. రోజుకి 2 పీపీఎం చొప్పున నెలకి 60 అయితే, ఆ నెలలోనే స్టెబిలైజర్ 36 పెరిగిందన్నమాట. ఏళ్ళ తరబడి బిళ్ళలే వేస్తూ వస్తే అది 100 ఎప్పుడో దాటేసి ఉంటుంది. అప్పుడు నీళ్ళలో క్లోరిన్ ఉన్నట్టే చూపిస్తుంది, పని మాత్రం సరిగ్గా చేయదు. మీ మెట్ల దగ్గర నాచుకి నేను ముందు అనుమానించేది దాన్నే.

ముంచి తీసే పట్టీలు నమ్మకండి, చుక్కల కిట్ కొనుక్కోండి, టేలర్ కె-2006 చాలామంది వాడతారు. నీళ్ళలో పొడి వేస్తే గులాబీ రంగొస్తుంది, ఒక్కో చుక్కా వేస్తూ తిప్పుతుంటే ఒక చుక్క దగ్గర ఠక్కున రంగు పోతుంది, 10 ఎంఎల్ నీళ్ళకైతే ఎన్ని చుక్కలు పట్టాయో వాటిలో సగం మీ క్లోరిన్ పీపీఎం. స్టెబిలైజర్‌కి వేరే గొట్టం ఉంటుంది, అడుగున నల్ల చుక్క కనపడకుండా పోయేదాకా, కిట్‌లోని మందు కలిపి తెల్లగా మసకబారిన పూల్ నీళ్ళు దాంట్లో పోస్తూ ఉండాలి. సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) చెప్పేది పీహెచ్ 7.0 నుంచి 7.8, క్లోరిన్ కనీసం 1, స్టెబిలైజర్ వాడుతుంటే కనీసం 2. వారం వారం ఈ అంకెలు రాసిచ్చే సర్వీస్‌నే పెట్టుకోండి. అంకెలు రాయనివాడు పరీక్ష చేయనట్టే నా లెక్క.

స్టెబిలైజర్ తగ్గించాలంటే కొన్ని నీళ్ళు తీసి కొత్తవి పోయడమే మామూలు మార్గం. ఒకేసారి పూల్ మొత్తం ఖాళీ చేయొద్దు, వానలకి భూమిలో నీరు పైకి ఉన్నప్పుడు ఖాళీ తొట్టి పైకి లేచి పగుళ్ళిచ్చే ప్రమాదం ఉంది. ఆ నీళ్ళు వీధి కాలవలోకి వదలొద్దు, అది నేరుగా వాగుల్లోకి పోతుంది, సిటీ ఫైన్ వేయొచ్చు. ఇంటి సీవర్ క్లీనవుట్ (మురుగు పైపుకి బయట ఉండే మూత) తీసి దాంట్లోకి పంపాలి.

ఇంకోటి, ట్రైక్లోర్ బిళ్ళలూ క్యాల్‌హైపో షాక్ పొడీ (ఇంకో రకం క్లోరిన్) ఒకే డబ్బాలో గానీ ఒకే గరిటెతో గానీ కలవకూడదు, అంటుకుని పేలొచ్చు. మ్యూరియాటిక్ యాసిడ్‌ని క్లోరిన్‌కి దూరంగా, గరాజ్‌లో పాపకి అందని చోట పెట్టండి.

ఇర్వింగ్_అమ్మ

పాప ఉంది అన్నారు కదా తమ్ముడూ, ముందు గేటు చూడు. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాల్లో పుట్టుక లోపాలని పక్కన పెడితే మునిగిపోవడమే అన్నిటికన్నా పెద్ద కారణం. మన సిటీలు పాటించే ఐఎస్‌పీఎస్‌సీ (పూల్స్, స్పాల భద్రతా నియమాల) కోడ్ ప్రకారం కంచె కనీసం 48 అంగుళాలు ఉండాలి, గేటు పూల్‌కి అవతలివైపుకి తెరుచుకోవాలి, వదిలేస్తే తనంతట తానే మూసుకుని గొళ్ళెం పడాలి. మీ గేటు కొంచెం తెరిచి చెయ్యి తీసేయ్, గొళ్ళెం పడిన చప్పుడు వినపడాలి. స్ప్రింగు వదులైతే అర అంగుళం తెరుచుకునే ఉంటుంది, దూరం నుంచి చూస్తే మూసినట్టే ఉంటుంది. ఇంటి వెనక తలుపుకి అలారం లేకపోతే అది కూడా పెట్టించు. మోటార్ సోమవారం దాకా ఆగుతుంది, ఇది ఇవాళే చేయి.

కొత్త_పూల్_ఓనర్ (ఫ్రిస్కో)

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, ముందు గేటే చూశా, చప్పుడు రాలేదు, స్ప్రింగు బిగిస్తే ఇప్పుడు పడుతోంది. పూల్ అతని పేరు టీడీఎల్‌ఆర్‌లో లేదు, అదే మాట మర్యాదగా చెప్పి శనివారం పని వద్దన్నా, క్లీనింగ్ మాత్రం కొనసాగించమన్నా, కానీ వారం వారం అంకెలు రాయాలని చెప్పా. సరే అన్నాడు. మోటార్‌కి లైసెన్స్ ఉన్న ఇద్దరి దగ్గర కొటేషన్ అడిగా, ఒకాయన ఫోన్‌లోనే బ్రేకర్ ఏది ఉందని అడిగాడు.

తీగలు_చూసేవాడు

ఆ బ్రేకర్ గురించి అడిగిన ఆయనకే ఇవ్వండి పని. బిగించాక ఆ రాగి తీగ స్క్రూ కింద ఉన్న ఫోటో ఒకటి తీయించుకుని ఇన్వాయిస్‌తో పాటు దాచండి, రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఇన్‌స్పెక్టర్ అడిగేది అదే.