నడక యాప్‌లో చేరకపోతే తల్లిదండ్రుల బీమాకు కోత: ఇది ఆరోగ్య రక్షణా, ఖర్చు తగ్గింపా?

రణస్థలం రాత్రి షిఫ్టు:
పైడిభీమవరంలోని ఒక మందుల పరిశ్రమలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. జీతం 21,000 రూపాయలు దాటడంతో ఈఎస్ఐ అనే కార్మికుల ప్రభుత్వ బీమా పోయి, సంస్థ కట్టే గ్రూపు బీమాలోకి వచ్చాను. ఈ నెల, అంటే 2024 ఆగస్టులో, 'ఉద్యోగి ఆరోగ్య కార్యక్రమం' అని నోటీసు అంటించారు. మూడు నెలలకొకసారి బరువు, నడుము కొలత, బీపీ, షుగరు చూస్తారట. రోజూ ఎన్ని అడుగులు నడిచామో లెక్కించే యాప్‌ను ఫోనులో పెట్టుకోవాలట. చేరనివారి తల్లిదండ్రుల ప్రీమియంలో సగం జీతంలోంచి కోస్తారట. పన్నెండు గంటలు రియాక్టర్ల దగ్గర నిలబడి వచ్చినవాణ్ని మళ్లీ నడవమనడం న్యాయమేనా? శనివారం మీటింగులో నేను మాట్లాడాలి. పెద్దలు సలహా చెప్పండి.

రాజాం పద్దులు:
తమ్ముడూ, కోపం పక్కన పెట్టి లెక్క చూడు. గ్రూపు బీమాలో ఈ ఏడాది క్లెయిములు పెరిగితే వచ్చే ఏడాది ప్రీమియం పెరుగుతుంది. అది భరించలేనప్పుడు యాజమాన్యాలు ముందుగా తీసేసేది తల్లిదండ్రులనే. షుగరును మొదట్లోనే పట్టుకుంటే మాత్రలతో అదుపులో ఉంటుంది, ముదిరితే డయాలసిస్ దాకా వెళుతుంది. ఈఎస్ఐలోనూ భారం యజమానిదే ఎక్కువ: 2019 జూలై నుంచి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడిది 0.75 శాతం. 18,000 జీతానికి యజమాని 585 కడితే, కార్మికుడు కట్టేది 135. అంత కట్టేవాడు ఖర్చు తగ్గాలని కోరుకోవడం తప్పు కాదు.

బొబ్బిలి బదిలీ:
ఆ 585 యజమాని జేబులోది కాదండి. మమ్మల్ని పనిలోకి తీసుకునేటప్పుడే మనిషికి మొత్తం ఎంత పడుతుందో లెక్కగట్టి, అందులో ఈ వాటా పోగా మిగిలిందే కూలీగా నిర్ణయిస్తారు. అది మా కష్టార్జితమే.

రాజాం పద్దులు:
చట్టం స్పష్టంగా ఉంది. యజమాని వాటాను కూలీలోంచి మినహాయించకూడదు. ఇరవై ఏళ్లు జూట్ మిల్లులో పద్దులు రాసినవాణ్ని, ఒక్క నెల కూడా అలా మినహాయించలేదు.

సాలూరు సంత:
మా దగ్గర డాక్టరు గది ఉంది, అందులో డాక్టరు లేరు.

నాగావళి గట్టు:
585 దగ్గరే ఆగిపోకుండా అసలు ప్రశ్నకు వద్దాం. ఇటువంటి కార్యక్రమాలు ఖర్చు తగ్గిస్తాయా? ఇవి బాగా వ్యాపించింది అమెరికాలో. అక్కడ ఒక డాలరు పెడితే వైద్య ఖర్చులో 3.27 డాలర్లు మిగులుతాయని 2010లో హార్వర్డ్ పరిశోధకులు పాత అధ్యయనాలను క్రోడీకరించి చెప్పారు. ఆ బృందంలోని ఇద్దరే తరవాత 160 శాఖలు, దాదాపు 33,000 మంది ఉద్యోగులున్న ఒక దుకాణాల సంస్థలో, కొన్ని శాఖలను చీటీ తీసినట్టు ఎంచుకుని పద్ధతిగా పరీక్షించారు. వ్యాయామం చేస్తున్నామని చెప్పినవారు పెరిగారు గానీ, పద్దెనిమిది నెలల తరవాత చూస్తే బీపీ, బరువు, వైద్య ఖర్చు, గైర్హాజరు, వీటిలో దేనిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదని 2019లో ప్రకటించారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయ ఉద్యోగులపై జరిగిన మరో పరీక్షలో, ఇష్టపడి చేరేవారు ముందునుంచే తక్కువ వైద్య ఖర్చు ఉన్నవారని తేలింది. పాత లెక్కల్లో కనిపించిన ఆదాలో చాలా భాగం అందువల్లనే వచ్చి ఉంటుందని నా అభిప్రాయం.

రాజాం పద్దులు:
అమెరికాలో తిండి వేరు, పని వేరు. అక్కడి లెక్క ఇక్కడ అతకదు. పైగా 585 కూలీలోంచి పోతుందన్న మాటకు రుజువు ఇంకా ఎవరూ చూపలేదు.

బొబ్బిలి బదిలీ:
రుజువు కావాలా? పంకా కింద కూర్చుని పద్దులు రాసినవారికి, బ్యాచింగు దగ్గర, అంటే జూట్ నారను మెత్తబరిచే చోట, దుమ్ము మింగినవాడి బాధ తెలియదు. నా దగ్గుకు కారణం నా నడుము కొలత కాదు. దుమ్ము పీల్చే యంత్రం పెట్టమని ఆరేళ్లు అడిగాం. అది పెట్టలేదు కానీ, చోడంబలి తాగి పెరిగిన మాకు ఏం తినాలో చెప్పడానికి మాత్రం మనిషిని పిలిపించారు!

మోడరేటర్:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. చర్చను విషయానికి పరిమితం చేయండి.

రాజాం పద్దులు:
పంకా కింద కూర్చున్నమాట నిజమే. నా పక్క బల్ల దగ్గర పద్దెనిమిదేళ్లు పనిచేసిన మిత్రుడు ఒక మధ్యాహ్నం నా కళ్లముందే పడిపోయాడు. పక్షవాతం. ఆసుపత్రిలో చూస్తే బీపీ రెండు వందలు దాటి ఉంది. అన్నేళ్లలో అతని చేతికి బీపీ పట్టీ కట్టినవారు ఒక్కరూ లేరు. ఎవరో ఒకరు బలవంతంగానైనా చూసి ఉంటే బతికేవాడని ఈ రోజుకీ అనుకుంటాను. అందుకే పరీక్ష వద్దన్న మాట నేను వినలేను.

కవిటి ఆడపడుచు:
అన్నయ్యా, పరీక్ష విలువ ఉద్దానం వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా కిడ్నీ జబ్బు తొలిదశలో నొప్పి గానీ వాపు గానీ చూపించదు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్షలోనే బయటపడుతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చిందంటే మా ఊళ్ల పరిస్థితి అర్థం చేసుకోండి. మా తమ్ముడు కాంట్రాక్టు పనిలో ఉండగా సంస్థ శిబిరం పెట్టి రక్తం తీసుకుంది. క్రియాటినిన్ ఎక్కువుందని వాడికి ఎవరూ చెప్పలేదు. రెండు నెలలకు కాంట్రాక్టు ముగిసింది, వాడొక్కడినే మళ్లీ తీసుకోలేదు. ఎందుకో మాకు నాలుగు నెలల తరవాత, వేరేచోట పరీక్ష చేయించుకుంటే తెలిసింది.

రాజాం పద్దులు:
చెల్లెమ్మా, అది అన్యాయం. ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ ప్రకారం, అనారోగ్య భత్యం తీసుకుంటున్న కాలంలో ఉద్యోగిని తొలగించకూడదు.

కవిటి ఆడపడుచు:
తొలగించలేదు కదా, మళ్లీ పిలవలేదు. దానికి ఏ సెక్షన్ ఉంది?

నాగావళి గట్టు:
అసలు తగవు ఇక్కడే ఉంది. పద్దులు గారికి పరీక్ష జరగాలి, ఆడపడుచు గారికి ఆ ఫలితం యజమాని చేతికి చిక్కకూడదు. రెండూ ఒకేచోట సాధ్యమే. భోపాల్ దుర్ఘటన తరవాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41సి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారికి ఆ పని అప్పగించేముందు, ఆపైన కనీసం పన్నెండు నెలలకొకసారి వైద్య పరీక్ష చేయించే బాధ్యత యజమానిదే. ఆ రికార్డులు కార్మికుడికి అందుబాటులో ఉంచాలి. రణస్థలం తమ్ముడూ, యాప్ సంగతి తరవాత. మీ రియాక్టర్ల పని దాని కిందికి వస్తుందేమో ముందు అడుగు.

రాజాం పద్దులు:
ఫలితం యజమానికి తెలియకపోతే వేడి దగ్గర పనిచేసే రోగిని వేరే పనికి ఎలా మారుస్తారు? నేను దీనికి ఒప్పుకోను. కానీ తల్లిదండ్రుల ప్రీమియం ముడిపెట్టడం తప్పని ఒప్పుకుంటున్నాను.

రణస్థలం రాత్రి షిఫ్టు:
పదకొండేళ్లలో ఏడాదికొకసారి రక్తం ఇస్తూనే ఉన్నాను. ఒక్క రిపోర్టూ నా చేతికి రాలేదు. అది నాకు రావలసినదని ఈ రోజే తెలిసింది. శనివారం నడక గురించి కాకుండా దీని గురించే మాట్లాడతాను.

కవిటి ఆడపడుచు:
నోటితో అడగవద్దు తమ్ముడూ. కాగితం మీద రాసి, నకలు మీద సంతకం పెట్టించుకుని అడుగు. కాంట్రాక్టు వాళ్ల రిపోర్టులు కూడా కలిపి అడుగు.